ఒక నిమిషం ముందు మోగే గడియారం

స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో మేము అద్దెకున్న ఇల్లు ముజెగ్ కోటగోడకు కొంచెం దిగువన, ఎక్కేటప్పుడు ఆయాసం తెప్పించే ఒక ఏటవాలు వీధిలో ఉండేది. చేరిన మరునాటి ఉదయం కిటికీ తెరచి కాఫీ తాగుతూ ఉండగా కోటగోడ మీది బురుజులోంచి ఎనిమిది గంటలు కొట్టింది. తన చేతి గడియారం ఒక నిమిషం వెనకపడిందనుకుని మావారు ముల్లు సరిచేసుకున్నారు. అంతలోనే ఊళ్లోని చర్చిల గంటలన్నీ ఒకదాని వెంట ఒకటి అదే ఎనిమిదిని మళ్లీ మోగించసాగాయి. ఆయన ముల్లును తిరిగి వెనక్కి తిప్పుకున్నారు.

రెండు రోజుల తరువాత పై అంతస్తులో ఉండే పెద్దావిడ మా అయోమయం విని నవ్వి అసలు సంగతి చెప్పారు. ఆ బురుజు పేరు త్సిట్‌టుర్మ్, అంటే కాలపు బురుజు. అందులోని గడియారాన్ని 1535లో హాన్స్ లూటర్ అనే పనివాడు తయారు చేశాడు. ఊరి గడియారాలన్నిటిలో అదే వయసులో పెద్దది కనుక తక్కిన వాటికంటే ఒక నిమిషం ముందు మోగే హక్కు దానికి ఉన్నది. బంతిలో పెద్దాయన ఔపోసన పట్టేదాకా మిగిలినవాళ్లు విస్తట్లో చేయి పెట్టని ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి నాకు ఆ మర్యాద వెంటనే అర్థమైంది. మావారికి మాత్రం చివరిదాకా అది రైళ్లకు ఆలస్యం కాకుండా చూసే ఏర్పాటుగానే తోచింది.

మేము అక్కడికి వెళ్లింది 2003 ఆగస్టులో. యూరప్ అంతా మాడిపోయిన వేసవి అది. చల్లని దేశమని రాజమండ్రిలో కొనుక్కున్న ఉన్ని దుస్తులను పెట్టెలో అలాగే ఉంచి, స్టేషను బయటి మెట్ల మీద చెమటలు తుడుచుకుంటూ నిలబడిన జ్ఞాపకం. ఎదురుగా ఒక పెద్ద రాతి తోరణం, దాని మీద విగ్రహాలు, వెనక ఏ భవనమూ లేదు. పాత స్టేషను 1971 ఫిబ్రవరి 5న అగ్నిప్రమాదంలో కాలిపోగా, దాని ముఖద్వారాన్ని మాత్రం కూల్చకుండా తెచ్చి చౌకులో నిలబెట్టుకున్నారట. కొత్త స్టేషను పూర్తి కావడానికి 1991 వరకు పట్టింది. ఇల్లు పోయినా గుమ్మాన్ని దాచుకున్న ఊరు అని ఆ రోజు అనుకున్నాను. ఆ తరువాత ఉన్న రెండున్నరేళ్లలో అటువంటివి ఇంకా కొన్ని చూశాను.

తోరణం దాటగానే సరస్సు. జర్మన్‌లో దానిది మా నోరు తిరగని పేరు. నాలుగు అటవీ సీమల సరస్సు అని దాని అర్థం. ఊరి, ష్విత్స్, ఉంటర్‌వాల్డెన్, లూసర్న్ అనేవి ఆ నాలుగు సీమలు. మొదటి మూడూ 1291 నాటి స్విస్ సమాఖ్య ఒప్పందానికి మూలపురుషుల వంటివి కాగా, లూసర్న్ 1332లో వాటితో చేరిన తొలి పట్టణం. కొండజాతులకు సంత కావాలి, సంతకు కొండదారి కావాలి. 13వ శతాబ్దంలో గోథార్డ్ కనుమ దారి తెరుచుకోవడంతో ఇటలీ సరుకు సరస్సు మీదుగా పడవల్లో ఇక్కడికి వచ్చి, రోయిస్ నది వెంట ఉత్తరానికి పోయేది. ఆ నది సరస్సులోంచి బయటపడే మెడ దగ్గరే ఊరు పుట్టింది. ఏటి మొగ దగ్గర ఊళ్లను మన దేశంలో చాలానే చూశాను గాని, సరస్సు నదిగా మారే చోటును కళ్లారా చూడడం నాకు అదే మొదటిసారి. నీళ్లు ఒక గీత వరకు నిశ్చలంగా ఉండి, ఆ గీత దాటగానే ఏదో పని గుర్తుకొచ్చినట్లు పరుగెత్తుతాయి.

ఆ గీతకు అటూ ఇటూగా, నదికి అడ్డంగా కాక ఐమూలగా సాగే చెక్క వంతెనే కాపెల్‌బ్రుక్కె. 14వ శతాబ్దంలో కోట రక్షణలో భాగంగా దానిని కట్టారు. పొడవు రెండు వందల మీటర్ల పైచిలుకు, మీద పెంకుల కప్పు, ఇరువైపులా పూలతొట్లు. పక్కనే నీళ్లలో నిలబడి ఉన్న ఎనిమిది పలకల రాతి బురుజు వంతెన కంటే పాతది. చెరసాలగా, ఖజానాగా, దస్తావేజుల గదిగా అది రకరకాల కొలువులు చేసింది. వంతెన లోపల కప్పు దూలాల మధ్య త్రికోణాకారపు చెక్క పలకల మీద 17వ శతాబ్దంలో హాన్స్ హైన్రిఖ్ వేగ్‌మన్ అనే చిత్రకారుడు వేసిన బొమ్మలు ఉంటాయి. దేశ చరిత్ర, ఊరి చరిత్ర, ఊరిని కాచే ఇద్దరు పునీతుల కథలు, ప్రతి బొమ్మ కింద ప్రాసతో కూడిన రెండు మూడు పంక్తులు. చదువు రానివారికి బొమ్మ, వచ్చినవారికి పద్యం. మన తోలుబొమ్మలాట వారికి బాగా తెలిసిన విద్యే అది.

మొదటిసారి నడిచినప్పుడు తల పైకెత్తి ఒక్కొక్క బొమ్మే చూస్తూ పోయాను. కొంత దూరం పోయాక బొమ్మలు ఆగిపోయి, ఖాళీ దూలాలు మొదలయ్యాయి. మరమ్మతు జరుగుతున్నదేమో అనుకున్నాను. పెద్దావిడను అడిగితే చేతిలోని గిన్నె బల్ల మీద పెట్టి కూర్చున్నారు. 1993 ఆగస్టు 17 రాత్రి దాటి 18 ప్రవేశించిన వేళ వంతెన అంటుకుంది. కాల్చి పారేసిన సిగరెట్టు వల్లనే అయి ఉంటుందన్నది అప్పటి అనుమానం. వంతెన కింద కట్టిన పడవలోంచి మంటలు లేచి, ఎండిన చెక్క, సాలెగూళ్లు తోడై, చాలా భాగం తెల్లవారక ముందే బొగ్గయిపోయింది. రెండు కొసలు, నీటి బురుజు మిగిలాయి. వంతెన మీద వేలాడుతున్న చిత్రాల్లో మూడింట రెండు వంతులకు పైగా పోయాయి. పెద్దావిడ చెప్పులు కూడా వేసుకోకుండా ఒడ్డుకు పరుగెత్తారట. అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదని, చావింటి ముందు నిలబడినట్లు నిలబడ్డారని చెప్పారు. ఎనిమిది నెలల్లో, 1994 ఏప్రిల్ 14న, కొత్త చెక్కతో వంతెనను మళ్లీ తెరిచారు.

“మరి బొమ్మలు మళ్లీ వేయించవచ్చు కదండీ?” అని అడిగాను. నా జర్మన్ అప్పటికి అంతంతమాత్రం. ఆవిడకు అర్థమైందో లేదో గాని, “ఎవరు వేస్తారు?” అని మాత్రం అన్నారు. ఆ తరువాత ఆ ఖాళీ త్రికోణాల కింద నడిచేటప్పుడు నేనూ తల పైకెత్తేదాన్ని.

నది వెంట కొద్దిగా దిగువకు పోతే ఇంకొక కప్పు వంతెన ఉంది. పేరు ష్ప్రాయెర్‌బ్రుక్కె, అంటే పొట్టు వంతెన. మిల్లుల్లో మిగిలిన ఊక, పొట్టు నదిలో పారబోయడానికి ఊరి దిగువన ఉన్న ఈ ఒక్క వంతెన దగ్గరే అనుమతి ఉండేదట. ఎగువన నీళ్లు ముంచుకునేవారికి చెత్త రాకూడదన్న ఆ ఇంగితం నాకు నచ్చింది. దీని కప్పులోని బొమ్మలు కాస్పర్ మెగ్లింగర్ 1626, 1635 సంవత్సరాల మధ్య వేసినవి. ప్రతి బొమ్మలోనూ అస్థిపంజరం రూపంలో మృత్యువు ఉంటుంది. రాజు పక్కన ఉంటుంది, పెళ్లికూతురు పక్కన ఉంటుంది, లెక్కలు రాసుకునే షావుకారు పక్కన ఉంటుంది. ఐరోపాలో ముప్పై ఏళ్ల యుద్ధం నడుస్తున్న కాలమది. పర్యాటకులు ఇక్కడి దాకా తక్కువగా వస్తారు. కూరగాయల సంచీతో వెళ్లేవాళ్లే ఎక్కువ. సాయంకాలం దీపాలు వెలిగాక ఒంటరిగా దాటడానికి నాకు మొదట్లో భయం వేసేది. పోను పోను ఆ అస్థిపంజరాలు వీధి చివరి ఇంటివాళ్లంత పరిచయమైపోయాయి.

ఆ వంతెన పక్కనే సూదుల ఆనకట్ట. 1859–60లో కట్టిన ఈ ఆనకట్టలో ఇనుప తలుపులు ఉండవు. నిలువుగా పక్కపక్కన నిలిపిన చెక్క కమ్మీలే గోడ. నీరు పెరిగితే పనివాళ్లు వచ్చి చేతులతో కొన్ని కమ్మీలు తీస్తారు, తగ్గితే మళ్లీ పెడతారు. దానితోనే 114 చదరపు కిలోమీటర్ల సరస్సు మట్టం సర్దుబాటవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట కథలు వింటూ పెరిగినదాన్ని, గంటల తరబడి అక్కడ నిలబడేదాన్ని. రెండింటి వయసుల మధ్య తేడా పదేళ్లు కూడా లేదు.

2005 ఆగస్టులో ఆ కమ్మీలన్నీ తీసేసిన రోజు వచ్చింది. నాలుగు రోజులు విడవకుండా వాన. సరస్సు ఒడ్డు దాటి ష్వానెన్‌ప్లాట్స్ మీదకు వచ్చింది. నగల దుకాణాల ముందు ఇసుక బస్తాలు, వీధుల్లో చెక్క పలకలతో నడకదారులు వెలిశాయి. 1986 గోదావరి వరద చూసినదాన్ని. ఆ ఎర్రటి నీటి హోరు ఇప్పటికీ కలలో వినిపిస్తుంది. ఇక్కడి వరదకు హోరు లేదు. అద్దంలా తేటగా, చడీచప్పుడు లేకుండా మెట్టు మెట్టుగా ఎక్కింది. హంసలు వీధి దాకా వచ్చి తిరిగాయి. ఆ వరద తరువాతి సంవత్సరాల్లో ఆనకట్టను విస్తరించారని విన్నాను. సూదులను మాత్రం తీసేయలేదట.

మా రోజువారీ జీవితాన్ని శాసించింది చరిత్రా కాదు, సరస్సూ కాదు, సెల్లార్‌లోని బట్టలుతికే యంత్రం అని చెప్పాలి. మొత్తం భవనానికి ఒకటే యంత్రం, గోడకు ఒక పట్టిక, పట్టికలో ప్రతి ఇంటికీ ఒక పూట. మాది గురువారం మధ్యాహ్నం. ఒకసారి బుధవారం సాయంత్రం యంత్రం ఖాళీగా ఉన్నది కదా అని నాలుగు జతలు వేశాను. మరునాడు తలుపుకు చీటీ అంటించి ఉంది. కోపపు మాట ఒక్కటీ లేదు గాని, వాడిన తరువాత గాజుమూత రబ్బరును పొడిగుడ్డతో తుడవాలని కూడా అందులో రాసి ఉంది. రాసింది పై అంతస్తు పెద్దావిడే. వారం తిరగక ముందే ఆవిడే పియర్ పండు పాకం వేసి చేసిన లూసర్న్ లేబ్‌కూఖెన్ అనే మసాలా రొట్టె పట్టుకొచ్చారు. చీటీ సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మంగళ, శనివారాల్లో నది ఒడ్డున సంత. పల్లెల నుంచి వచ్చిన రైతులు వెన్న, తేనె, ఆపిళ్లు, మట్టి వదలని దుంపలు పెట్టుకుని కూర్చునేవారు. సరస్సులో దొరికే ఫెల్షెన్ అనే తెల్లటి చేపను వాళ్లు వెన్నలో వేయించుకుని నిమ్మకాయ పిండుకుంటారు. నేను చింతపండు పులుసు పెట్టాను. ముల్లు తక్కువ, మెత్తన ఎక్కువ, పులస కాలిగోటికి కూడా చాలదు, అయినా పరాయి దేశంలో చేప పులుసు చేప పులుసే. వాళ్ల కొండకాపరుల వంటకం ఎల్ప్లర్‌మగ్రోనెన్ మాత్రం మా ఇంట్లో స్థిరపడింది. మకరోనీ, బంగాళాదుంప, చీజ్, మీగడ, పైన వేయించిన ఉల్లిపాయ, పక్కన ఆపిల్ గుజ్జు. ఆ ఆపిల్ గుజ్జును నేను ఆవకాయతో మార్చాను. పెద్దావిడ ఒక్క ముద్ద తిని రెండు గ్లాసుల నీళ్లు తాగి, రెండో ముద్ద కూడా అడిగారు.

ఊరికి వచ్చిన చుట్టాలందరినీ సింహం దగ్గరకు తీసుకుపోవడం నా వంతు. కొండరాతిని నిలువునా చెక్కి, అందులో గూడు తొలిచి, పది మీటర్ల పొడవున చెక్కిన మరణించే సింహం అది. ఒంట్లో విరిగిన ఈటె, పంజా కింద ఫ్రాన్స్ రాజవంశపు లిల్లీ పూల డాలు. 1792 ఆగస్టు 10న పారిస్‌లోని త్యూలరీ రాజప్రాసాదాన్ని ప్రజలు ముట్టడించినప్పుడు రాజు తరఫున నిలిచి చనిపోయిన స్విస్ కాపలా భటుల స్మారకం. ఆనాడు సెలవు మీద సొంత ఊళ్లో ఉండి బతికిపోయిన అధికారి కార్ల్ ఫీఫర్ పూనుకుని కట్టించాడు. డెన్మార్క్ శిల్పి థోర్వాల్డ్‌సెన్ నమూనా ఇవ్వగా లూకాస్ ఆహోర్న్ చెక్కాడు. 1821లో ఆవిష్కరించారు. కింద రాతి మీద చనిపోయినవారు 760, బతికినవారు 350 అని రోమన్ అంకెల్లో ఉంటుంది. ఫొటోలు తీసుకోవడానికి వచ్చిన మా చుట్టాలు, ఇంత సంపన్న దేశం వాళ్లు పరాయి రాజుకు కాపలా ఏమిటని ఆశ్చర్యపోయేవారు. ఆ సంపద తరువాతిది. కొండల్లో పంట లేక, ఇంటికి ఒక కొడుకును పరాయి సైన్యాలకు పంపి ఆ జీతంతో బతికిన దేశం అది. గల్ఫ్‌కు కొడుకులను పంపిన కోనసీమ ఇళ్లు గుర్తుకు వచ్చేవి నాకు. ఆ గూడు ఆకారం పందిలా ఉంటుందని, చెక్కినవాళ్లు కావాలనే అలా చేశారని ఊళ్లో ఒక కథ కూడా ఉంది. చూసినవారికి ఒకసారి చెబితే ఇక పంది తప్ప మరొకటి కనిపించదు, అందుకని నేను వెనక్కి తిరిగేటప్పుడే చెప్పేదాన్ని.

సింహం పక్కనే ఉన్న హిమానీ ఉద్యానం చుట్టాలకు పట్టేది కాదు, నాకు ఇష్టం. 1872లో ఒకాయన ద్రాక్షసారాయికి నేలమాళిగ తవ్వించబోతే, మంచుయుగంలో హిమానీనదం కింది నీరు సుడులు తిరిగి తొలిచిన పెద్ద పెద్ద రాతి గుంతలు బయటపడ్డాయి. అన్నిటికంటే లోతైనది తొమ్మిదిన్నర మీటర్లు. అదే చోట ఇరవై మిలియన్ సంవత్సరాల నాటి తాటిజాతి ఆకు శిలాజం కూడా ఉంది. అప్పుడు అది ఉష్ణదేశపు సముద్రతీరం. ఆ తరువాత మంచు, ఆ తరువాత మనుషులు. ఆయన సారాయి వ్యాపారం మానుకుని 1873లో టిక్కెట్టు పెట్టాడు.

సరస్సు మీద ఐదు పాత ఆవిరి పడవలు ఇప్పటికీ తిరుగుతాయి. వాటిలో అన్నిటికంటే పాతది 1901 నాటి ‘ఊరి’ అనే పడవ. నడుమన అద్దాల వెనక ఇంజను తెరిచే ఉంటుంది. మిలమిలలాడే ఇత్తడి, నూనె వాసన, మనిషి ఎత్తు ఇనుప చేతులు లయ తప్పకుండా ముందుకూ వెనక్కూ ఆడుతూ పక్క చక్రాలను తిప్పుతాయి. గోదావరి లాంచీల మీద పాపికొండలు తిరిగినదాన్ని కాబట్టి పై అంతస్తులో గాలికి కూర్చోక ఇంజను దగ్గరే నిలబడేదాన్ని. వేగిస్, ఫిట్స్‌నౌ, బ్రున్నెన్ రేవులు దాటి, చివరి ఫ్లూలెన్ చేరడానికి మూడు గంటలు పట్టేది. దారిలో రూట్లి అనే పచ్చిక మైదానం ఉంటుంది. మొదటి ఒప్పందపు ప్రమాణం అక్కడే జరిగిందని స్విస్ ప్రజల విశ్వాసం. 1940 జూలై 25న, చుట్టూ హిట్లర్ బలగాలు కమ్ముకున్న వేళ, స్విస్ సేనాపతి గిజాన్ తన కింది ఉన్నత సైనికాధికారులను లూసర్న్ నుంచి ష్టాట్ లుట్సెర్న్ అనే ఆవిరి పడవలో ఆ మైదానానికే తీసుకుపోయి, లొంగిపోవడం లేదని చెప్పాడు. ఆ పడవ మీద మేము ఐస్‌క్రీము తిన్నాము.

చలికాలపు సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు. నవంబరు నుంచి ఊరి మీద పొగమంచు మూతలా దిగి వారాల తరబడి కదలదు. మొదటి ఏడు నాకు దిగులు పట్టుకుని, తలుపు తీయడం కూడా మానేశాను. పెద్దావిడే ఒక ఉదయం వచ్చి కోటు తొడిగించి, క్రీన్స్ దాకా బస్సులోనూ, అక్కడి నుంచి పిలాటుస్ కొండ మీదకు తీగబండిలోనూ తీసుకుపోయారు. పది నిమిషాలు తెల్లటి చీకటి, తరువాత ఒక్కసారిగా కళ్లు మూతపడేంత ఎండ. కింద ఊరు లేదు, సరస్సు లేదు, దూదిలాంటి మంచు సముద్రం, అందులోంచి ద్వీపాల్లా పైకి వచ్చిన శిఖరాలు. ఎదురుగా రీగి. దాని మీదికి 1871లోనే యూరప్‌లో మొదటి పళ్లచక్రపు కొండ రైలు వేశారు. పిలాటుస్ మీదికి 1889లో వేసిన రైలుదారి ప్రపంచంలోని పళ్లచక్రపు దారుల్లోకెల్లా నిటారైనది, మేము ఉన్న రోజుల్లో చలికాలంలో నడిచేది కాదు.

ఆ కొండ మీది మడుగులో ఏసును శిలువకు అప్పగించిన పిలాతు ప్రేతం ఉందని, కదిలిస్తే తుఫాను లేస్తుందని పూర్వం నమ్మేవారు. 1387లో అనుమతి లేకుండా ఎక్కిన ఆరుగురు మతగురువులను చెరలో వేశారు. చివరికి 1585లో ఊరి పాదిరి ఒకాయన జనాన్ని వెంటబెట్టుకుని వెళ్లి, మడుగులోకి రాళ్లు విసిరి, ఏమీ జరగదని చూపించాడు. ఇప్పుడు ఆ కొండను వాతావరణం తెలుసుకోవడానికి వాడుకుంటారు. పిలాటుస్ మబ్బు టోపీ పెట్టుకుంటే ఎండ, నడుముకు మబ్బు కత్తి కట్టుకుంటే వాన. టీవీలో చెప్పేదానికంటే అదే నయమని పెద్దావిడ నమ్మకం.

పొగమంచుకు విరుగుడు ఫాస్‌నాఖ్ట్ అనే ముసుగుల పండుగ. ఉపవాస దినాలకు ముందు వచ్చే గురువారం తెల్లవారుజామున ఐదు గంటలకు సరస్సు ఒడ్డున పెద్ద పేలుడు, ఆకాశంలో వెలుగు, ఆ మరుక్షణం వేల వాయిద్యాలు. ఫ్రిట్షి కుటుంబం అనే ముసుగుల బృందం పడవలో దిగుతుంది. కాపెల్ చౌకులో కాగితపు ముక్కల వాన కురుస్తుంది. గుగ్గెన్ బృందాలవాళ్లు డప్పులు, బాకాలు కావాలనే కొంచెం అపశ్రుతిలో వాయిస్తారు. చలికాలపు దయ్యాలను తరిమేందుకట. మూడు రోజులు నిద్ర లేదు. ఆ గురువారం పేరును మురికి గురువారం అని అనువదించుకుని నవ్వుకున్నాను గాని, అక్కడి యాసలో ఆ మాటకు కొవ్వు అని అర్థమట. ఉపవాసానికి ముందు కడుపారా తినే రోజు. ఏడాది పొడవునా రాత్రి పది దాటితే గొంతు పెంచని పెద్దావిడ పక్షి ముక్కున్న ముసుగు పెట్టుకుని మా తలుపు తట్టినప్పుడు నేను నిజంగానే కేక వేశాను.

జర్మన్ సంగీతకర్త వాగ్నర్ ఆరేళ్లు ఉన్న ట్రిబ్షెన్ ఇంటికీ, స్టేషను పక్కన నీటి మీదకు చాచిన పెద్ద కప్పుతో వాస్తుశిల్పి జాన్ నూవెల్ కట్టిన సంగీత భవనానికీ కూడా వెళ్లాము. పాశ్చాత్య సంగీతం నాకు అబ్బలేదు కనుక చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ కప్పు అడుగున సరస్సు అలల వెలుగు కదలడం మాత్రం బాగుండేది.

2006 ఏప్రిల్‌లో మావారి ఉద్యోగపు గడువు ముగిసింది. బయలుదేరే రోజు గురువారం అయింది. టాక్సీ పది గంటలకు. పెట్టెలు మెట్ల దగ్గరకు చేర్చి, సెల్లార్ తాళం చెవి తిరిగి ఇద్దామని పై అంతస్తుకు వెళితే పెద్దావిడ లేరు. కిందికి దిగాను. పట్టికలో మధ్యాహ్నపు గడి నుంచి మా పేరు అప్పటికే రబ్బరుతో చెరిపి, పెన్సిలుతో ఆవిడ పేరు రాసి ఉంది. యంత్రం గాజుమూత రబ్బరును పొడిగుడ్డతో తుడుస్తున్నారు. నన్ను చూసి ఆ గుడ్డ భుజాన వేసుకుని, రెండు చేతులూ పట్టుకుని, ఏమీ అనలేదు. పైన త్సిట్‌టుర్మ్ పది కొట్టింది. మావారు వీధిలోంచి కేక వేశారు. తక్కిన గంటలు ఇంకా మోగలేదు కాబట్టి మేము అలాగే నిలబడి ఉన్నాము.